ఎల్ఎల్‌వీఎం మెయింటైనర్లకు బహిరంగ లేఖ: మార్పు వచ్చిన ప్యాచ్‌లోనే దాని పేజీ కూడా రావాలి

కంపైలర్ల తయారీకి పునాదిగా వాడే ఎల్ఎల్‌వీఎం ప్రాజెక్టు మెయింటైనర్లకు, ఏరియా బృందాలకు, ప్రాజెక్ట్ కౌన్సిల్‌కు, అందరికన్నా ముఖ్యంగా పుల్ రిక్వెస్టులు (మార్పును చేర్చమని పంపే ప్రతిపాదనలు) చదివి ఆమోదించే రివ్యూయర్లకు,

నమస్కారం.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఐఆర్‌లో (కంపైలర్ లోపల ప్రోగ్రాంకు ఉండే మధ్యంతర రూపం) గానీ, సీ ఏపీఐలో (బయటి ప్రోగ్రాంలు పిలిచే సీ ఫంక్షన్లు) గానీ, బయటివాళ్ల పాస్‌లు (ఐఆర్‌ను చదివి మార్చే దశలు) ఆధారపడే సీ ప్లస్ ప్లస్ ఇంటర్‌ఫేసుల్లో గానీ ఏదైనా మార్పు మెయిన్ బ్రాంచిలోకి వెళ్తుంటే, ఆ మార్పుకు తగ్గట్టు బయటివాడు తన కోడులో ఏం సర్దుకోవాలో చెప్పే పేజీ కూడా అదే పుల్ రిక్వెస్టులో ఉండాలి. తర్వాత తీరిగ్గా రాద్దాం, వేరే ప్యాచ్ పెడదాం అంటే కుదరదు. ఆ పేజీ లేకపోతే మార్పు ఇంకా పూర్తి కానట్టే లెక్క. మిగతా లేఖంతా ఈ ఒక్క కోరిక ఎందుకో చెప్పడానికే.

మార్పులు ఆపమని అడగడం లేదు. ఇది ముందే తేల్చుకోవడం మంచిది. ఇలాంటి లేఖలు చాలావరకు "పాతదే బాగుంది కదా, ఎందుకు కెలుకుతారు" అనే గొణుగుడుతో మొదలై అక్కడే ఆగిపోతాయి. సీ ప్లస్ ప్లస్ ఏపీఐ స్థిరంగా ఉంటుందని మీరు ఏనాడూ మాట ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే మంచిదైంది. 2000లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పరిశోధనగా మొదలై, 2003లో తొలి విడుదల చూసిన ఈ కోడు ఇవాళ్టికీ బిగుసుకుపోకుండా ఉందంటే కారణం అదే. రస్ట్, స్విఫ్ట్, జూలియా భాషలు దీని మీదే నిలబడ్డాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ 2018లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి క్వెరీల్లోని ఎక్స్‌ప్రెషన్లను దీని సాయంతోనే అప్పటికప్పుడు మెషిన్ కోడ్‌గా మార్చగలుగుతోంది. పైథాన్‌లో లెక్కల పని వేగంగా నడిపించే నంబా అడుగున ఉన్నదీ ఇదే. ఇంతమంది ఎక్కిన బండి చక్రాలను నడుస్తుండగానే మారుస్తున్నారు, అందుకు మీ మీద గౌరవమే.

నేను ప్రాజెక్టు బయట ఉండి ఒక చిన్న ఫ్రంటెండ్‌నూ (ఒక భాషలోని కోడును ఐఆర్‌గా మార్చే భాగం), దానికి కావలసిన కొన్ని పాస్‌లనూ నడుపుకొస్తున్నవాణ్ణి. నాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. మీ రివ్యూల్లో మా పేర్లు కనబడవు, మార్పులను పరీక్షించే మీ బిల్డ్‌బాట్‌లలో మా కోడు నడవదు. ఒక ప్యాచ్ వల్ల మాకేమైందో మీకు తెలిసే దారి లేదు. మీ ప్యాచ్‌తో మేం ఏం చేసుకోవాలో మాకు తెలిసే దారి ఒక్కటే ఉంది, డాక్యుమెంటేషన్.

ముందుగా పని బాగా జరిగిన ఉదాహరణ చెప్తాను. అది మీరు చేసినదే, ఒపేక్ పాయింటర్లు.

పాత ఐఆర్‌లో ప్రతి పాయింటరూ (మెమొరీలో ఒక చోటి చిరునామా) తాను చూపించే దాని టైపును నెత్తిన మోస్తూ తిరిగేది. ఐ32కి (32 బిట్ల అంకెకు) పాయింటరు వేరు, ఐ8కి (8 బిట్లదానికి) పాయింటరు వేరు. చూడటానికి సీ భాషలా ముచ్చటగా ఉండేది. కానీ ఆ టైపు వల్ల ఆప్టిమైజర్‌కు (కోడును మెరుగుపరిచే భాగానికి) దక్కే హామీ ఏమీ లేదు. ఎవరైనా ఒక బిట్‌క్యాస్ట్ (టైపును మాత్రమే మార్చే ఇన్‌స్ట్రక్షన్) వేసి దాన్ని మార్చేయొచ్చు. దాంతో ఐఆర్ నిండా ఏ పనీ చేయని బిట్‌క్యాస్టులు పేరుకుపోయాయి. వాటిని దాటి అవతల ఏముందో చూడటానికి ప్రతి పాస్‌లోనూ అదనపు కోడు రాయాల్సి వచ్చేది, అది రాయడం మరచిపోయిన చోట జరగాల్సిన ఆప్టిమైజేషన్ జరిగేది కాదు. చదివేది ఏ టైపు, రాసేది ఏ టైపు అన్నది లోడ్, స్టోర్ ఇన్‌స్ట్రక్షన్లే చెప్తున్నప్పుడు పాయింటరుకు ఆ బరువెందుకు? అందుకే దాన్ని ఉత్త పాయింటరుగా మిగిల్చారు. 15వ వెర్షన్‌లో ఇది డిఫాల్ట్ అయింది, 17 నాటికి పాత పద్ధతి పూర్తిగా పోయింది.

ఇంత పెద్ద మార్పు. ఐఆర్ పుట్టించే ప్రతి ఫ్రంటెండూ చేయి చేసుకోవలసి వచ్చింది. టైపును పాయింటరు దగ్గర అడిగి తెలుసుకునే అలవాటున్న కోడు మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. అయినా దాని గురించి బయట తిట్లు తక్కువే వినబడ్డాయంటే, నా దృష్టిలో ఆ ఘనతలో సగం డాక్యుమెంటేషన్‌లోని ఒపేక్ పాయింటర్ల పేజీది. పాత పద్ధతిలో ఇబ్బంది ఏమిటో మొదట చెప్పారు. టైపు అడిగే ఫంక్షన్ పోయాక దాని బదులు ఏ ఇన్‌స్ట్రక్షన్‌ను ఏమని అడగాలో చెప్పారు. ఫ్రంటెండ్లు తమ టైపులు తామే గుర్తుపెట్టుకోవాలని చెప్పి, ఎల్ఎల్‌వీఎం సొంత సీ, సీ ప్లస్ ప్లస్ ఫ్రంటెండ్ అయిన క్లాంగ్ ఆ పని తన అడ్రెస్ అనే స్ట్రక్చర్‌లో ఎలా చేసుకుందో చూపించారు. సీ ఏపీఐ వాడేవాళ్లకు పాత ఫంక్షన్ పేరు పక్కనే చివర 2 తగిలించిన కొత్త ఫంక్షన్ పేరు రాసిపెట్టారు. వీటన్నిటికన్నా విలువైనది అడుగున ఉన్న వెర్షన్ల వివరం: 14లో వలసకు కావలసిన ఏపీఐలన్నీ ఉన్నాయి గానీ ఆప్టిమైజేషన్ పైప్‌లైన్‌లో వాడకానికి పూర్తి మద్దతు లేదు, 15లో డిఫాల్ట్ అయినా పాతది కూడా నడుస్తుంది, 16లో పాతది నడిస్తే నడిచినట్టు, దానికి పరీక్షలు ఉండవు, 17లో అసలే ఉండదు. ఆ నాలుగు ముక్కలు చదివితే చాలు, ఎవరి పనికి వాళ్లు గడువు వేసుకోవచ్చు.

నేను కొత్తగా ఏ ప్రమాణాన్నీ తెచ్చి మీ మీద రుద్దడం లేదు. ఈ పేజీనే ప్రమాణంగా పెట్టుకోండి అంటున్నాను.

ఇక డీబగ్ రికార్డుల సంగతి. 2024లో వచ్చిన 19వ వెర్షన్‌లో, వేరియబుల్స్ విలువలను డీబగ్గర్‌కు తెలిపే ఇంట్రిన్సిక్ కాల్స్ (కంపైలర్‌కే అర్థం తెలిసిన ప్రత్యేక ఫంక్షన్ పిలుపులు) స్థానంలో రికార్డులు వచ్చాయి. ఇది కూడా చేయాల్సిన పనే. డీబగ్ సమాచారం మామూలు ఇన్‌స్ట్రక్షన్ల వరుసలో కూర్చుంటే, ఇన్‌స్ట్రక్షన్లను లెక్కపెట్టి నిర్ణయం తీసుకునే ఏ పాస్ అయినా వాటిని కూడా కలిపి లెక్కించే ప్రమాదం ఉంటుంది. అప్పుడు డీబగ్ ఆప్షన్ పెట్టి కంపైల్ చేస్తే ఒక కోడు, పెట్టకపోతే ఇంకో కోడు వస్తుంది. కంపైలర్ రాసేవాడికి ఇంతకన్నా తలనొప్పి ఉండదు. రికార్డులు ఆ వరుసలోంచి బయటికొచ్చి ఇన్‌స్ట్రక్షన్‌కు అతుక్కుని ఉంటాయి కాబట్టి ఆ గొడవ మూలంలోనే తెగింది.

బయటి పాస్ వైపు నుంచి చూస్తే కథ వేరు. బేసిక్ బ్లాకుల్లో (మధ్యలో దారి చీలని ఇన్‌స్ట్రక్షన్ల వరుసల్లో) తిరుగుతూ డీబగ్ వాల్యూ ఇంట్రిన్సిక్కుల కోసం వెతికే పాస్ ఒకటి ఉందనుకోండి. ఆ క్లాసు హెడర్‌లో అలాగే ఉంది. కోడు శుభ్రంగా కంపైల్ అవుతుంది, లింక్ అవుతుంది, పరుగెడుతుంది. వెతికినది ఒక్కటీ దొరకదు, అంతే. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ఎప్పుడో ఎవరో డీబగ్గర్ తెరిచి వేరియబుల్ విలువ అడిగితే "ఆప్టిమైజ్ చేసేశారు" అన్న జవాబు వస్తుంది. దాని మూలం వెర్షన్ మార్పులో ఉందని ఊహించడానికి ఎంత అనుభవం కావాలో మీకు తెలుసు. ఇన్‌స్ట్రక్షన్‌ను చొప్పించే చోటును ఇన్‌స్ట్రక్షన్ పాయింటరుతో కాక ఇటరేటర్‌తో (వరుసలో ఒక స్థానాన్ని చూపే గుర్తుతో) చెప్పాలన్న నియమమూ ఈ మార్పుతోనే వచ్చింది. రికార్డులకు ముందు పెట్టాలా, తర్వాత పెట్టాలా అన్న సంగతి ఇటరేటర్‌లోని ఒక బిట్ మోస్తుంది కాబట్టి అలా చేయక తప్పదు. కారణం తెలిస్తే ఎవరూ విసుక్కోరు.

దీనికీ వలస పేజీ ఉంది, అందులోని వివరం బాగుంది. కానీ దాని ఫైలు, వెబ్ చిరునామా "రిమూవ్ డీఐస్" అనే పేరుతో ఉన్నాయి. అది ఆ పని చేసినవాళ్లు తమలో తాము పెట్టుకున్న ముద్దుపేరు. డీబగ్ సమాచారం మాయమైందని వెతుక్కుంటూ వచ్చేవాడి నోట ఆ పేరు ఎలా వస్తుంది? ఉన్న పేజీ కనబడకపోవడం, పేజీ లేకపోవడం కన్నా ఒక మెట్టు ఎక్కువ బాధ.

ఇక్కడే మీ ఆలోచనకు, మా అనుభవానికి మధ్య ఉన్న తేడా బయటపడుతుంది. ఒక మార్పు ఎంత పెద్దదో మీరు ప్యాచ్ పొడవును బట్టి, ముట్టుకున్న ఫైళ్ల సంఖ్యను బట్టి చూస్తారు. మాకు కావలసిన కొలత ఒక్కటే: ఇది కంపైల్ ఎర్రర్ ఇస్తుందా, ఇవ్వదా? ఎర్రర్ ఇచ్చే మార్పు ఎంత పెద్దదైనా ఫరవాలేదు, ఎక్కడ సరిచేయాలో కంపైలరే వేలు పెట్టి చూపిస్తుంది. పైకి ఏమీ మారనట్టు కనబడి అర్థం మాత్రం మారిపోయే మార్పులే మా నిద్ర చెడగొడతాయి. డాక్యుమెంటేషన్‌కు ఎక్కువ చోటు వాటికే దక్కాలి. ఇప్పుడు జరిగేది చాలాసార్లు దీనికి తలకిందులు.

2025లో నోక్యాప్చర్ అనే ఆట్రిబ్యూట్ (పాయింటరు ఫంక్షన్ బయటికి చేజారదని చెప్పే గుర్తు) పోయి, దాని స్థానంలో ఇంకా వివరంగా చెప్పగల క్యాప్చర్స్ వచ్చింది. పాయింటరు చేజారుతుందా లేదా అన్న ఒక్క ప్రశ్న దగ్గర ఆగకుండా, దాని అడ్రెస్ మాత్రమే బయటపడుతుందా, దాని ద్వారా మెమొరీని ముట్టుకునే హక్కు కూడా బయటికి పోతుందా అని విడదీసి చెప్పే వీలు కలిగింది. భావం చక్కనిది. సీ ప్లస్ ప్లస్‌లో రాసేవాడికి ఆ పేరున్న ఈనమ్ (పేరు పెట్టిన స్థిరాంకం) పోయింది కాబట్టి వెంటనే తెలుస్తుంది. మరి సీ ఏపీఐలో? అక్కడ ఆట్రిబ్యూట్‌ను పేరు చెప్పి అడగాలి, ఆ పేరు లేకపోతే ఫంక్షన్ సున్నా తిప్పి ఇస్తుంది. ఫంక్షన్ పేరు మారలేదు, దాని పారామీటర్లు మారలేదు, హెడర్‌లో అక్షరం మారలేదు. నిన్నటిదాకా ఒక అంకె వచ్చిన చోట ఇవాళ సున్నా వస్తోంది. సీ ఏపీఐని వీలైనంతవరకు స్థిరంగా ఉంచుతామని మీ డెవలపర్ పాలసీ చెప్తుంది. అక్షరాలా చూస్తే మీరు ఆ మాట తప్పలేదు. కానీ ఆ ఏపీఐ మీద నిలబడిన వేరే భాషలోని బైండింగ్ (ఆ ఏపీఐని పిలిచే వంతెన కోడు) మాత్రం తప్పటడుగు వేసింది. ఆట్రిబ్యూట్ పేర్లు మార్చే ప్రతి ప్యాచ్‌లోనూ సీ ఏపీఐ వాడేవాళ్ల కోసం రెండు వాక్యాలు ఉండాలనడం అత్యాశ కాదు.

సీ ఏపీఐ గురించి ఇంకొక్క మాట. దాన్ని ఎక్కువగా వాడేది సీ భాషలో రాసేవాళ్లు కాదు, ఇతర భాషల నుంచి ఎఫ్ఎఫ్ఐ (వేరే భాషలోని ఫంక్షన్లను పిలిచే పద్ధతి) ద్వారా వచ్చేవాళ్లు. వాళ్ల కంపైలర్ మీ హెడర్‌ను చూడనే చూడదు. ఫంక్షన్ పారామీటరు ఒకటి మారినా వాళ్లకు తెలిసేది ప్రోగ్రాం కుప్పకూలినప్పుడే. పాత ఫంక్షన్‌ను మార్చకుండా చివర 2 తగిలించి కొత్తది పెట్టే మీ పద్ధతి చూడటానికి అందంగా లేదని కొందరు నవ్వుతారు గానీ, ఎఫ్ఎఫ్ఐ వాడేవాళ్ల ప్రాణాలు కాపాడేది ఆ 2 అంకే. అయితే ఆ హెడర్లలో చాలా ఫంక్షన్లకు ఒక్క వాక్యం వ్యాఖ్య ఉంటే ఎక్కువ, కొన్నిటికి అదీ లేదు. తిరిగొచ్చిన స్ట్రింగ్‌ను విడుదల చేయాల్సింది ఎవరన్న ప్రశ్నకు జవాబు కోసం సోర్స్ ఫైలు తెరవాల్సి రావడం పబ్లిక్ ఏపీఐ అనిపించుకోదు.

ఐ128 (128 బిట్ల పూర్ణాంకం టైపు) సంగతి కూడా ప్రస్తావించాలి, ఎందుకంటే అక్కడ డాక్యుమెంటేషన్ భారం ఎవరి మీద పడిందో స్పష్టంగా కనబడుతుంది. ఎక్స్86-64 ప్రాసెసర్ల మీద ఈ టైపు 16 బైట్ల హద్దు మీద (16తో భాగించబడే చిరునామాలో) ఉండాలని సిస్టమ్ వీ ఏబీఐ (వేర్వేరు కంపైలర్ల కోడు కలిసి నడవడానికి ఉన్న ఒప్పందం) చెప్తుంది. ఎల్ఎల్‌వీఎం చాలా ఏళ్లు 8 బైట్ల హద్దుతో నెట్టుకొచ్చింది. క్లాంగ్ తన వైపు నుంచి 16 అని సర్దుకునేది కాబట్టి సీ రాసేవాళ్లకు పెద్దగా తెలియలేదు. సీతో బైట్ బైట్‌కూ సరిపోవాలనుకునే రస్ట్ లాంటి భాషలకే ఎదురుదెబ్బ. 18వ వెర్షన్‌లో మీరు డేటా లేఅవుట్‌ను (టైపుల పరిమాణం, హద్దులు చెప్పే వివరణను) సరిదిద్దారు. ఎంతో మంచి పని. మీ రిలీజ్ నోట్స్‌లో ఎక్స్86 బ్యాకెండ్ భాగంలో అది కొద్ది వాక్యాల్లో తేలిపోయింది. ఆ మార్పు ఎందుకు వచ్చింది, స్ట్రక్చర్ల పరిమాణం ఎలా మారుతుంది, ఏ వెర్షన్‌తో ఏ వెర్షన్ కలిపితే ఏమవుతుంది అన్నది వివరంగా తన వాడుకదారులకు చెప్పుకున్నది 2024లో 1.77, 1.78 వెర్షన్లు విడుదల చేసిన రస్ట్ బృందం. వాళ్లకు ఆ ఓపిక, ఆ మనుషులు ఉన్నారు. డేటా లేఅవుట్ స్ట్రింగ్‌ను తన కోడులో యథాతథంగా రాసుకున్న చిన్న ఫ్రంటెండ్‌కు ఎవరు చెప్తారు?

ఏడాదికి రెండు పెద్ద విడుదలలు అన్న మీ లయ లోపలివాళ్లకు హాయిగా ఉంటుంది. బయటి చిన్న ప్రాజెక్టు ప్రతి విడుదలకూ మారదు, మారలేదు. వీలు చిక్కినప్పుడు ఒక్కసారిగా దూకుతుంది. 14 నుంచి 19కి దూకినవాడి ముందు ఒపేక్ పాయింటర్లు, ఆప్టిమైజేషన్ పైప్‌లైన్‌లోంచి పాత పాస్ మేనేజర్ (పాస్‌లను వరుసగా నడిపే భాగం) తొలగింపు, రాలిపోయిన కాన్‌స్టంట్ ఎక్స్‌ప్రెషన్లు (స్థిరాంకాల మీది లెక్కలు), ఐ128 హద్దు, డీబగ్ రికార్డులు అన్నీ ఒకేసారి నిలబడతాయి. అతను ఐదు రిలీజ్ నోట్స్‌ను పక్కపక్కన పెట్టుకుని, ఏది దేన్ని రద్దు చేసిందో తానే కలిపి చదువుకోవాలి. ఆ పని చేసే ప్రతివాడూ ఒకే పని మళ్లీ మొదటి నుంచి చేస్తున్నాడు. బిట్‌కోడ్ (ఐఆర్‌ను ఫైలులో దాచే బైనరీ రూపం) విషయంలో మీరిచ్చిన మాట ఎంత గొప్పదో ఇక్కడే తెలుస్తుంది: 3.0 నుంచి పుట్టిన ఏ బిట్‌కోడ్ ఫైలునైనా ఇవాళ్టి ఎల్ఎల్‌వీఎం చదవగలదు. ఫైళ్లకు ఉన్న ఆ భాగ్యం మనుషులకు లేదు.

ఇక వెబ్‌సైటు. మీ డాక్యుమెంటేషన్‌కు వచ్చేవాళ్లకు ముందుగా కనబడేది మెయిన్ బ్రాంచి తాలూకు ప్రతి. అంటే ఇంకా విడుదల కాని వెర్షన్‌ది. విడుదలైన వెర్షన్ల పత్రాలు వేరే చోట ఉన్నాయి, సూచిక పేజీలో ఆ మాట చెప్పే హెచ్చరికా ఉంది. కానీ సూచిక పేజీ నుంచి నడిచి వచ్చేదెవరు? సెర్చ్‌లో ఇన్‌స్ట్రక్షన్ పేరు కొట్టి, ఐఆర్ భాషను వివరించే లాంగ్వేజ్ రిఫరెన్స్ పేజీ మధ్యలో దిగుతారు. అక్కడ చదివింది తమ సిస్టమ్‌లో ఉన్న వెర్షన్‌కు వర్తిస్తుందో లేదో తెలిపే గుర్తు ఏదీ ఉండదు. కొత్త ఆట్రిబ్యూట్ చూసి ముచ్చటపడి రాస్తే, పాత వెర్షన్ పార్సర్ గుర్తు తెలియని పదమని మొహం మీద కొడుతుంది. ఐఆర్ టెక్స్ట్ రూపం వెనకటి వెర్షన్లతో సరిపోతుందన్న హామీ లేదని పాలసీలోనే రాశారు. అలాంటప్పుడు ఏది ఎప్పుడు వచ్చిందో పక్కన రాయడం ఇంకా అవసరం.

ఇది చేతకాని పనీ కాదు. మీ ఇంట్లోనే ఒక గదిలో చేసి చూపించారు. కోడును పొందికగా సర్దే పనిముట్టు క్లాంగ్ ఫార్మాట్ స్టైల్ ఆప్షన్ల పేజీ చూడండి. ప్రతి ఆప్షన్ పక్కనా అది ఏ వెర్షన్‌లో వచ్చిందో చిన్న గుర్తు ఉంటుంది. ఆ పేజీ ఎవరూ చేత్తో రాసేది కాదు, హెడర్ ఫైలులోని వ్యాఖ్యల నుంచి ఒక స్క్రిప్టు తయారుచేస్తుంది. ఆప్షన్ పెట్టినవాడు వ్యాఖ్య రాయక తప్పదు, వ్యాఖ్య రాస్తే పేజీ దానంతటదే తయారవుతుంది. ఎల్ఎల్‌వీఎం ఉప ప్రాజెక్టు ఎంఎల్ఐఆర్‌లో డయలెక్టుల (ఒక్కో అవసరానికి తగ్గ ఐఆర్ రకాల) పత్రాలు కూడా టేబుల్‌జెన్ (నిర్వచనాల నుంచి కోడు పుట్టించే పనిముట్టు) నిర్వచనాల నుంచే పుడతాయి. మరి ఈ రెండిటికీ తల్లి లాంటి లాంగ్వేజ్ రిఫరెన్స్? ఇంట్రిన్సిక్కుల నిర్వచనాలు టేబుల్‌జెన్‌లో ఒక చోట, వాటి వివరణ చేత్తో రాసిన మహా పొడవైన పేజీలో ఇంకో చోట. రెండూ కలిసే నడుస్తాయని నమ్మకం తప్ప ఆధారం లేదు. మొత్తం మార్చమనను, అది ఏళ్ల పని. ఇక నుంచి చేర్చే ప్రతి ఆట్రిబ్యూట్‌కూ, ఇన్‌స్ట్రక్షన్ ఫ్లాగ్‌కూ పక్కన వెర్షన్ గుర్తు పెట్టండి. పాతవాటి సంగతి తీరిక ఉన్నవాళ్లం చూసుకుంటాం.

పాస్ మేనేజర్ దగ్గర జరిగింది దీనికి వ్యతిరేకం. ఆప్టిమైజేషన్ పైప్‌లైన్‌కు కొత్త పాస్ మేనేజర్ 13వ వెర్షన్‌లోనే డిఫాల్ట్ అయింది. కానీ పాస్ రాయడం ఎలా అన్న మామూలు పేరు మీద చాలాకాలం పాత పద్ధతి పేజీయే కూర్చుంది, కొత్త పద్ధతి పేజీ పక్కన వేరే పేరుతో ఉండేది. కొత్తగా నేర్చుకునేవాడు ఏ పేరు వెతుకుతాడు? ఇల్లు మారినవాళ్లు పాత గుమ్మానికి బోర్డు అలాగే ఉంచి వెళ్లిపోయినట్టు అయింది. వచ్చినవాడు ఆ బోర్డు చూసి, చెప్పినట్టే పాస్ రాసి, ప్లగిన్‌ను పాత ఫ్లాగుతో ఎక్కించబోతే, పాస్‌లను నడిపే ఆప్ట్ అనే పనిముట్టు ఆ పాస్ ఎవరో తెలియదంటుంది. కోడ్ జనరేషన్ వైపు పాత మేనేజర్ ఇంకా పని చేస్తూనే ఉండటం వల్ల గందరగోళం రెట్టింపైంది. పాతది పోయిందనీ చెప్పలేం, ఉందనీ చెప్పలేం. అలాంటప్పుడు మొదటి పేరాలోనే "మీరు ఐఆర్ మీద పనిచేసే పాస్ రాస్తుంటే ఇటు, మెషిన్ కోడ్ మీద పనిచేసే పాస్ రాస్తుంటే అటు" అని ఒక్క దారి గుర్తు సరిపోయేది.

ఒక చిన్న భాషకు కంపైలర్ కట్టడం నేర్పే కాలైడోస్కోప్ ట్యుటోరియల్ గురించి క్లుప్తంగా. ఎల్ఎల్‌వీఎంలోకి వచ్చే చాలామంది తొక్కే మొదటి మెట్టు అది. అధ్యాయాల చివర ఉండే పూర్తి కోడు ఉదాహరణల డైరెక్టరీలోంచి నేరుగా వస్తుంది కాబట్టి సరిగ్గానే ఉంటుంది. మధ్యలో వివరణ కోసం చూపే కోడు ముక్కలు చేత్తో అతికించినవి. ఏపీఐ మారినప్పుడు ఉదాహరణలు బిల్డ్ చేసినవాడికి చివరి కోడు విరిగిందని తెలుస్తుంది, మధ్యలోది విరిగిందని ఎవరికీ తెలియదు. ఉదాహరణలు డిఫాల్ట్ బిల్డ్‌లో ఉండవన్నది కూడా గుర్తుంచుకోండి. మధ్య ముక్కలను కూడా అదే ఫైలు నుంచి లాగేలా చేస్తే ఈ సమస్య ఉండదు. మీ పత్రాలను తయారుచేసే స్ఫింక్స్‌కు ఆ సామర్థ్యం ఉంది.

మీ వైపు వాదన నాకు తెలియనిది కాదు. రివ్యూయర్లు తక్కువ, ప్యాచ్‌లు ఎక్కువ. ఇన్‌స్ట్‌కంబైన్‌లో (ఇన్‌స్ట్రక్షన్లను కలిపి సులువు చేసే పాస్) ఒక చిన్న మార్పుకే ఆలైవ్2తో (మార్పు సరైనదేనా అని తనిఖీ చేసే పనిముట్టు) రుజువు చూపమంటున్నారు. దాని మీద పేజీ కూడా రాయమంటే కొత్తవాళ్లు బెదిరిపోతారు అంటారు. ఆలైవ్2 ఉదాహరణే తీసుకోండి. మొదట్లో అదీ అదనపు భారంగానే కనబడి ఉంటుంది. ఇవాళ అక్కడ రుజువు లింకు లేకపోతే రివ్యూయర్ ముందు అదే అడుగుతాడు, ఆ అలవాటు రివ్యూయర్ పనినే తగ్గించింది. టెస్టు లేని ప్యాచ్‌ను ఎవరూ ఒప్పుకోరు కదా. పేజీ లేని ప్యాచ్‌ను మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి? పైగా నేను అన్ని ప్యాచ్‌లకూ అడగడం లేదు. లోపలి శుభ్రతకు, బగ్ సవరణకు, వేగం పెంచే మార్పుకు ఏ పేజీ అక్కర్లేదు. బయటివాడి కోడు మారాల్సి వస్తేనే, లేదా మారకుండానే అర్థం మారుతుంటేనే.

"ప్యాచ్ వివరణలో అంతా రాశాం కదా" అన్నది ఇంకో జవాబు. రాస్తారు, నిజమే, కొన్ని కమిట్ సందేశాలు చదువుతుంటే పాఠంలా ఉంటాయి. కానీ కమిట్ సందేశం ఆ రోజు ఏం జరిగిందో చెప్తుంది. ఆ తర్వాత అది వెనక్కి తీశారా, మళ్లీ పెట్టారా, మూడు వారాల తర్వాత వేరే ప్యాచ్‌తో సగం మారిందా అన్నది దానికి తెలియదు. విరిగితే వెంటనే వెనక్కి తీయాలన్న మీ నియమం మంచిదే, దాని వల్ల ఒకే మార్పు చరిత్రలో అనేక ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కలన్నీ ఏరుకుని కలుపుకోవడం చదివేవాడి పని కాకూడదు.

అసలు మారాల్సిన చోటు చాలా చిన్నది. మీ డెవలపర్ పాలసీలో రిలీజ్ నోట్స్ గురించిన భాగం ఉంది. వాడుకదారులకు తెలియాల్సిన మార్పులను అందులో చేర్చాలని, వీలైతే అదే కమిట్‌లో చేర్చితే మేలని చెప్తూ, ఆ నిర్ణయాన్ని రాసినవాడి, రివ్యూ చేసినవాడి విచక్షణకు వదిలేసింది. రోజూ ఎల్ఎల్‌వీఎం లోపలే బతికేవాడికి, బయటివాడికి ఏది తెలియదో గుర్తుకు రావడం కష్టం. అది వాళ్ల తప్పు కాదు, ఎవరికైనా అంతే. అందుకే ఆ మాట విచక్షణకు వదలొద్దు. ఐఆర్ టెక్స్ట్ రూపం, ఐఆర్ అర్థం, డేటా లేఅవుట్, సీ ఏపీఐ ప్రవర్తన, ప్లగిన్ పాస్‌లు వాడే ఇంటర్‌ఫేసులు, వీటిలో దేన్ని ముట్టుకున్నా రిలీజ్ నోట్స్‌లో ఒక పద్దు, వలస సూచన ఒకటి తప్పనిసరి అని రాయండి. క్లాంగ్ వైపు వెండర్లకు (క్లాంగ్‌ను తమ వాడుకదారులకు అందించే సంస్థలకు) ఇబ్బంది కలిగించే మార్పులు చేసేటప్పుడు వాళ్ల గ్రూపును ముందే హెచ్చరించే పద్ధతి ఉంది. ఐఆర్ మీద ఆధారపడే మాకూ అలాంటి గ్రూపు ఒకటి ఉంటే, చేరడానికి మనుషులు కరువు కారు.

మరొకటి పాలనకు సంబంధించినది. ఏరియా బృందాలను, ప్రాజెక్ట్ కౌన్సిల్‌ను ఎన్నుకునే పద్ధతి మొదలయ్యాక ఏ పని ఎవరిదో అడగడం తేలికైంది. డాక్యుమెంటేషన్ ఎవరి పద్దులో ఉందో కూడా అలాగే పేరు పెట్టి రాయండి. కోడు భాగాలకు మెయింటైనర్ల జాబితా ఉన్నట్టే, ముఖ్యమైన పేజీలకూ ఉండాలి. లాంగ్వేజ్ రిఫరెన్స్‌లో ఒక పేరా తప్పని తెలిసినప్పుడు ఎవరి తలుపు తట్టాలో తెలియకపోతే, తెలిసినవాడు కూడా ఊరుకుంటాడు.

మా వైపు నుంచి చేయగలిగింది చేస్తాం. 2019లో మొత్తం కోడు ఒక్క గిట్ రిపాజిటరీలోకి, 2021 చివర్లో బగ్‌లు గిట్‌హబ్‌లోకి, 2023లో రివ్యూలు ఫాబ్రికేటర్ అనే పాత రివ్యూ వేదిక నుంచి పుల్ రిక్వెస్టుల్లోకి వచ్చాక, ఒక పేరా సరిదిద్ది పంపడం బయటివాడికి చాలా తేలికైంది. ఆ మార్పులు చేసినప్పుడు ఎంత వ్యతిరేకత వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది, చివరికి లాభపడింది మాలాంటివాళ్లే. కాబట్టి సీ ఏపీఐ హెడర్లలో వ్యాఖ్య లేని ఫంక్షన్లకు వ్యాఖ్యలు, ముఖ్యంగా మెమొరీ విడుదల బాధ్యత ఎవరిదో తెలిపే వాక్యాలు, మేం రాసి పంపుతాం. 14 నుంచి ఇప్పటివరకు వచ్చిన వలస సూచనలన్నీ ఒకే పేజీలోకి చేర్చే పనీ ఎత్తుకుంటాం. ఆ పుల్ రిక్వెస్టులు చదవడానికి ఇద్దరి పేర్లు చెప్పండి. తర్వాతి విడుదల బ్రాంచి విడిపోయేలోపు మొదటి విడత మీ ముందుంటుంది. డెవలపర్ పాలసీలోని ఆ వాక్యాన్ని మార్చే ప్యాచ్ మాత్రం మీలో ఒకరు పెట్టాలి. అది బయటి నుంచి వస్తే అభ్యర్థనగా మిగిలిపోతుంది.

ఇట్లు,
ప్రాజెక్టు బయట ఉండి ఐఆర్ పుట్టించుకునే మీ వాడుకదారు